చిన్నాన్న కార్డు, మొదటి ఆరంకెలు

శ్రీకాకుళం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే బావా,

మొన్న ఫోన్లో నీ కొత్త క్రెడిట్ కార్డు చేత్తో పట్టుకుని "ఇన్నంకెలెందుకురా?" అని అడిగావు. నేను నోరు తెరిచేలోగా మీ విజయనగరం సిగ్నల్ పోయింది. పోతేపోయిందిలే. కూడికలు ఫోన్లో చెబితే బుర్రకెక్కవు. పోస్టాఫీసులో ఇన్నేళ్ళు పనిచేసి ఒక్క ఉత్తరమన్నా రాయకపోతే ఎలాగ అని కాగితం తీశాను.

ముందు మా చిన్నాన్న సంగతి విను. పోయిన నెల ఎవడో ఫోన్ చేశాడు. బేంకు నుంచి మాట్లాడుతున్నానని, కార్డు ఆగిపోతుందని, మామూలు పాటే. చిన్నాన్న నమ్మలేదు. అప్పుడు వాడు తాపీగా కార్డు మీది మొదటి ఆరంకెలు చదివాడు. సరిగ్గా అవే! అంతే, ఈయన కరిగిపోయాడు. మిగతా పది అంకెలు, గడువు తేదీ ఈయనే చదివి వినిపించాడు. కార్డు తిరగేసి వెనకాల మూడంకెలు చదవబోతుంటే చిన్నమ్మ వంటింట్లోంచి వచ్చి ఫోన్ లాక్కుంది. డబ్బు పోలేదు. నేను వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని ఒకటే మాట: "బేంకోడు కాపోతే నా నంబరు ఆడికెలా తెలుస్తాదిరా? ఆడే సెప్పీసినాడు గదా!"

కార్డు బ్లాక్ చేయించాం. పది రోజులకి కొత్తది మా డెలివరీలోనే వచ్చింది. పాత కార్డూ కొత్త కార్డూ అరుగు మీద పక్కపక్కన పెట్టి చూపించాను. మొదటి ఆరంకెలు మక్కీకి మక్కీ అవే. తర్వాతవే మారాయి. ఎందుకంటే ఆ ఆరూ చిన్నాన్నవి కావు, బేంకువి. ఆ రకం కార్డున్న ప్రతివాడికీ అవే ఉంటాయి. మనకి పిన్ కోడ్ మొదట్లో 532 కనిపిస్తే ఉత్తరం శ్రీకాకుళం వైపుదని తెలిసిపోతుంది కదా, 535 అయితే మీ విజయనగరం. పిన్ కోడ్ చూసి ఊరి వైపు చెప్పినవాడికి నీ ఇంటి తలుపు తెలిసినట్టా? ఆ ఫోన్ చేసినవాడి దగ్గరున్నది కూడా పిన్ కోడే.

కార్డులో మొదటి అంకె మన పిన్ కోడ్‌లో 5 లాంటిది, ఏ పెద్ద ప్రాంతమో చెబుతుంది. 4 అయితే వీసా. 5 అయితే చాలామట్టుకు మాస్టర్‌కార్డ్. వాళ్ళకి ఇప్పుడు 2తో మొదలయ్యేవీ ఉన్నాయి. 3 ప్రయాణాలు, వినోదాల కింద కేటాయించింది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 34, 37 అక్కడివే, వాటికి మొత్తం పదిహేనంకెలే. 1, 2 విమాన సంస్థలకి, 7 పెట్రోలు కంపెనీలకి అని అప్పట్లో పంచుకున్నారు. చిన్నాన్నది రూపే, 60తో మొదలు. మన నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ 2012లో తెచ్చింది. జన్‌ధన్ ఖాతాలతో ఊరూరా చేరింది.

ఇక నీ ప్రశ్న. పదహారులో బేంకుకి ఆరు, చివరిదొకటి వేరే పనికి. మధ్యలో తొమ్మిది మిగిలాయి, అంటే ఒక్కో బేంకు గుర్తు కింద వంద కోట్ల నంబర్లు. మరీ దండగ కదా? పైగా బేంకులు పెరిగిపోయి ఆరంకెల గుర్తులే చాలకుండా పోతున్నాయి. అందుకే 2017లో కార్డు నంబర్ల అంతర్జాతీయ ప్రమాణం మార్చి గుర్తుని ఎనిమిదంకెలు చేశారు. వీసా, మాస్టర్‌కార్డ్ 2022 ఏప్రిల్ నుంచి అటు మళ్ళాయి. అప్పుడు మధ్యలో ఏడే, కోటి నంబర్లు. ఆ మధ్యవి నీ పాస్‌బుక్ ఖాతా నంబరనుకునేవు, కాదు. కార్డుకి బేంకు విడిగా ఇచ్చే వరస అది.

చివరి అంకె దగ్గర నాకు సరదా ఎక్కువ, కాస్త ఓపిక పట్టు. అది మిగతా పదిహేనింటికీ కాపలా. లెక్క ఇలా: కుడి చివరి అంకెని వదిలేసి, దాని పక్కది రెట్టింపు చెయ్యి. ఒకటి వదిలి మళ్ళీ ఇంకోటి, అలా ఎడమ చివరిదాకా. రెట్టింపు రెండంకెలైతే ఆ రెండూ కలిపెయ్యి, 14 అయితే 5 అన్నమాట. అన్నీ కూడితే చివర సున్నా రావాలి.

నీ కార్డు నంబరు నాకెందుకుగానీ, సాఫ్ట్‌వేర్‌వాళ్ళు పరీక్షకి వాడేది ఒకటుంది: 4 రాసి, పక్కన పదిహేను ఒకట్లు. కరెంటు బిల్లు వెనకాల వేసి చూశాను. నాలుగు రెట్టింపై 8. రెట్టింపయ్యే ఒకట్లు ఏడు, అవి 14. ఊరికే ఉండే ఒకట్లు ఎనిమిది. మొత్తం 30. సరిపోయింది! ఇప్పుడు చిన్నాన్న చేతిరాతలో 1కీ 7కీ తేడా తెలీదు కదా, రెట్టింపయ్యే చోట ఒక ఒకటిని ఏడుగా చదివామనుకో. రెండు పోయి అయిదు వచ్చింది, మొత్తం 33. మిషను అక్కడికక్కడే తప్పంటుంది, బేంకుని అడిగే పనే లేదు. ఏ ఒక్క అంకె తప్పినా దొరికిపోతుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా దొరుకుతుంది, 09 బదులు 90 కొడితే తప్ప. తొమ్మిది రెట్టింపు 18, కలిపితే మళ్ళీ తొమ్మిదే. ఆ ఒక్క సందు వదిలేశాడు మహానుభావుడు. అలాగని ఇది దొంగలకి తాళమేం కాదు. నోటికొచ్చిన పది నంబర్లలో ఒకటి ఈ లెక్కకి కుదిరిపోతుంది. వేలు జారిన తప్పు పట్టడానికే.

ఆ మహానుభావుడు హన్స్ పీటర్ లూన్. జర్మనీవాడు, అమెరికా వెళ్ళి ఐబీఎంలో చేరాడు. ఈ లెక్కకి 1954లో పేటెంటుకి పెట్టుకుంటే 1960లో వచ్చింది. నీకు నచ్చే ముక్క ఇంకోటి: ఆయన మొదట బట్టల మిల్లుల మనిషి. గుడ్డలో పోగులు లెక్కపెట్టే కొలబద్ద ఒకటి కనిపెట్టి, దానికి తన పేరే కలిసేట్టు లూనోమీటర్ అని పెట్టాడు. మన పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకి నూరో నంబరు నూలు తీసే అమ్మల ముందు దాన్ని పెడితే ఏమందురో! మా అప్పకైతే పంచె అంచు వేళ్ళ మధ్య నలిపితే చాలు, నూలెంత సన్నమో చెప్పేసేది.

నీ సెల్‌ఫోన్‌కీ ఇదే కాపలా ఉంది. స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కు, పదిహేనంకెల నంబరొస్తుంది. దాని చివరిదీ ఈ లెక్కదే.

వచ్చే వారం అరసవల్లి వస్తానన్నావు కదా, చెల్లాయినీ తీసుకురా. ఈలోగా నీ కార్డు మీద కూడిక వేసి మొత్తం ఎంతొచ్చిందో ఫోన్ చెయ్యి. మొత్తం చెప్పు చాలు, అంకెలు చదవడం మొదలెట్టావంటే చిన్నమ్మకి ఫోనిచ్చేస్తాను.

నీ బావ