లాక్స్టన్ గట్లు

నాటింగ్‌హామ్,
నవంబరు 30

ప్రియమైన రామూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. కోప్పడకు. ఇక్కడి లాక్స్టన్ అనే పల్లె చూసి వచ్చాకే రాద్దామని ఆగాను. రైతుబిడ్డవి, ఈ ఊరి సంగతి నీకే ముందు చెప్పాలి.

చర్చి, పబ్బు, ఎర్ర ఇటుక ఇళ్లు, ఇంతవరకు అన్ని ఊళ్ల లాంటిదే. ఊరు దాటగానే ఆగిపోయాను. కనుచూపు మేర కంచె లేదు! ఇంగ్లండులో పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాలు చేసి మరీ ఉమ్మడి పొలాలను విడగొట్టి కంచెలు వేశారు. ఎందరో పేదలకు పశువుల మేతకు కూడా చోటు లేకుండా పోయింది. లాక్స్టన్‌లో మాత్రం మూడు పెద్ద పొలాలు ఆ కత్తెరకు చిక్కకుండా మిగిలాయి. ఒక్కో రైతుకు వాటిలో అక్కడొక నేల చెక్క, ఇక్కడొక చెక్క. ఒక పొలంలో గోధుమ, రెండోదానిలో వసంతపు పైరు, మూడోది బీడు; ఏటేటా వరస మారుతుంది. నాకిష్టమైనది నేను వేసుకుంటానంటే కుదరదు.

మరి పక్కవాడు గట్టు జరిపితే? నువ్వు అడిగేది ఇదేనని తెలుసు. ఏటా నవంబరు చివర్లో జ్యూరీ గోధుమ పొలమంతా తిరుగుతుంది. జ్యూరీ అంటే ఆ ఊరివాళ్లే. మొన్న బాట పక్కన నిలబడి చూశాను. ఎవరి నాగలి ఎవరి చెక్కలోకి, ఎవరిది బాటలోకి వెళ్లిందో చూసి, హద్దు చెరిగిన చోట కొయ్య దిగేస్తున్నారు. తర్వాతి వారం డవ్‌కోట్ పబ్బులో కోర్టు కూర్చుంటుంది. దాని పేరు కోర్ట్ లీట్. తప్పు చేసినవాడికి జరిమానా. పల్లంలో దున్నకుండా వదిలిన గడ్డినేలలను వాళ్లు సైక్‌లంటారు, వాటినీ ఈ కోర్టే కాపాడుతుంది.

1635లో మార్క్ పియర్స్ గీసిన పటంలో ఈ పొలాలు చెక్క చెక్కగా కనిపిస్తాయి. దున్నేవాళ్లను, కోతలు కోసేవాళ్లను కూడా బొమ్మలు వేశాడు. తర్వాత చెక్కలు కలిసి పెద్దవయ్యాయి, భూమి చేతులు మారింది. 1952లో వ్యవసాయ మంత్రిత్వశాఖే కొన్నది. పొలం తిరగడం మాత్రం మానలేదు. ఊరి చివర పాత కోట దిబ్బ ఉంది, చూశాను. రామూ, నాకు ఆ కొయ్యలే గొప్పగా కనిపించాయి. పక్కవాడి తప్పును వాడి ఎదుటే చెప్పి, మర్నాడు మళ్లీ పలకరించుకోగలిగిన ఊరది.

మీ నాన్నగారు గట్టు తగాదాతో ఎన్నేళ్లు కోర్టు చుట్టూ తిరిగారో గుర్తొచ్చి మనసు బరువెక్కింది. ఆయనకు ఈ ఉత్తరం చదివి వినిపించు. చింతచెట్టు కింద ఆయన పాతించిన హద్దురాయి ఇంకా ఉందా? చూసి చెప్పు.

నీ
శీను