కుళ్ళిన ఐరిస్ కొమ్ములు, పేరుకు సరిపోని మొక్కలు, తప్పుడు సూచనల కరపత్రం: మీ సమాధానంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: టాల్ బియర్డెడ్ ఐరిస్ కొమ్ముల ఆర్డరు విషయంలో మీరు పంపిన సమాధానంపై అభ్యంతరం, నష్టపరిహారం కోసం అభ్యర్థన.

అయ్యా/అమ్మా,

నిరుటి వేసవిలో మీ నర్సరీ నుంచి టాల్ బియర్డెడ్ ఐరిస్ (కింది రేకుల మీద గడ్డంలాంటి నూగు ఉండే, పొడవాటి కాడల గడ్డపు ఐరిస్) కొమ్ములు, అంటే అడ్డంగా పెరిగే దుంప కాండాలు, పన్నెండు తెప్పించుకున్నాను. 'డస్కీ ఛాలెంజర్', 'బెవర్లీ సిల్స్', 'ఎడిత్ వుల్‌ఫర్డ్', 'ఇమ్మోర్టాలిటీ' అనే నాలుగు రకాలు, ఒక్కొక్కటి మూడేసి చొప్పున. వాటిలో ఐదు కొమ్ములు పెట్టె విప్పేసరికే కుళ్ళి ఉన్నాయి. మిగిలినవాటిలో ఈ వసంతంలో పూసిన రెండు రకాలు వాటి చీటీల మీద ఉన్న పేర్లకు ఏ విధంగానూ సరిపోలేదు. పెట్టె విప్పిన వెంటనే ఫోటోలు పంపితే పూల కాలం దాకా ఆగి చూడమన్నారు. పూల కాలం ముగిశాక రాస్తే మూడు వాక్యాల్లో సమాధానం ఇచ్చారు. నీరు ఎక్కువ పెట్టడం వల్ల కొమ్ములు కుళ్ళాయని మొదటి వాక్యం, నేల స్వభావాన్ని బట్టి ఐరిస్ పూల రంగు మారుతుందని రెండో వాక్యం, నాటిన తర్వాత మొక్కలకు సంస్థ బాధ్యత వహించదని మూడో వాక్యం. మొదటి రెండూ వాస్తవానికి విరుద్ధం. మూడోది ఆ రెండింటి మీద ఆధారపడి ఉంది కాబట్టి అది కూడా నిలవదు. ఎందుకు నిలవదో కాస్త వివరంగానే రాయవలసి వస్తోంది.

ముందుగా కుళ్ళు సంగతి. గడ్డపు ఐరిస్ కొమ్మును పొలం నుంచి తవ్వాక మట్టి దులిపి, ఆకులను జానెడు ఎత్తుకు కత్తిరించి, కొన్ని రోజులు గాలి తగిలే నీడలో ఆరబెట్టి, ఆపైన కాగితంలోనో రంపపు పొట్టులోనో చుట్టి రంధ్రాలున్న అట్టపెట్టెలో పంపడం ఈ వృత్తిలో ఉన్నవారందరూ పాటించే పద్ధతి. తనలో నీరు, ఆహారం నిల్వ చేసుకున్న ఆ కొమ్ము అలా పొడిగా ఉంటే రెండు వారాలైనా చెక్కుచెదరదు. తడి మీద గాలి ఆడకుండా మూసిపెడితే మాత్రం తవ్వేటప్పుడు పడిన ప్రతి గాటూ బాక్టీరియాకు ద్వారమవుతుంది. మీరు పంపిన కొమ్ములు ఒక్కో రకం ఒక్కో ప్లాస్టిక్ సంచిలో, మూతి గట్టిగా అతికించి, లోపల నీటి బిందువులు కారుతూ వచ్చాయి. 'బెవర్లీ సిల్స్' సంచి విప్పగానే వచ్చిన దుర్వాసన ఐరిస్ పెంచేవారికి బాగా తెలిసినదే. పెక్టోబ్యాక్టీరియం అనే బాక్టీరియా వల్ల వచ్చే మెత్తకుళ్ళులో పైపొర యథాతథంగా ఉండి లోపలి కండ జావగా మారుతుంది, వేలితో నొక్కితే కారిపోతుంది. అదే సంచిలో మరి రెండు కొమ్ముల మెడ దగ్గర తెల్లని బూజు దారాలు, వాటి మధ్య ఆవగింజలంత గుండ్రని గోధుమరంగు గుళికలు కనిపించాయి. అవి స్క్లెరోషియం రోల్ఫ్సీ అనే శిలీంధ్రం గుళికలు. ఒకసారి మట్టిలో పడితే అవి ఏళ్ల తరబడి బతికి, ఐరిస్‌తో పాటు ఇంకా అనేక జాతుల మొక్కలను మొదలు దగ్గర పట్టుకుంటాయి. ఈ కారణంగా ఆ సంచిలోని మూడు కొమ్ములనూ నాటకుండా మూటకట్టి పారవేయవలసి వచ్చింది. 'డస్కీ ఛాలెంజర్' ఒకటి, 'ఇమ్మోర్టాలిటీ' ఒకటి మెత్తకుళ్ళుతోనే పోయాయి. మిగతావాటి గాట్లను శుభ్రంగా గీకి, ఎండలో ఆరబెట్టిన తర్వాతే మడిలో పెట్టాను.

ఇక మీరే చెప్పండి, ఇంకా మట్టి ముఖం చూడని కొమ్ముకు నేను నీరు ఎక్కువ ఎలా పెట్టి ఉంటాను? సంచి మూతి తెరవకముందు తీసిన ఫోటోలో కూడా ప్లాస్టిక్ లోపలి వైపు బూజు స్పష్టంగా కనిపిస్తోంది. ఆ ఫోటోను మీ విభాగానికి అప్పుడే పంపాను, దాన్ని అందుకున్నట్టు మీ రసీదు కూడా నా దగ్గర ఉంది. సమాధానం రాసినవారు దాన్ని తెరిచి చూడలేదని అనుకోవడమే మీ సంస్థ పట్ల నేను చూపగల మర్యాద.

నీటి ప్రస్తావన మీరే తెచ్చారు కాబట్టి పెట్టెతో పాటు పంపిన కరపత్రం గురించి కూడా చెప్పాలి. 'నాటే విధానం' అన్న శీర్షిక కింద కొమ్మును 10 సెంటీమీటర్ల లోతున, మొనదేలిన వైపు పైకి ఉండేలా పాతిపెట్టాలనీ, పైన ఆకుచెత్త మందంగా కప్పాలనీ, మట్టి ఎప్పుడూ తడిగా ఉండేలా చూడాలనీ రాసి ఉంది. ఇవి తులిప్, డాఫడిల్ లాంటి గడ్డ జాతులకు రాసిన సూచనలని మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది, ఎందుకంటే అడ్డంగా పెరిగే ఐరిస్ కొమ్ముకు మొనదేలిన పైభాగం అంటూ ఉండదు. గడ్డపు ఐరిస్‌కు కావలసింది దాదాపు ప్రతి అంశంలోనూ దీనికి వ్యతిరేకం. గుంతలో మట్టిని చిన్న దిబ్బగా చేసి, కొమ్మును దాని మీద కూర్చోబెట్టి, వేళ్ళను రెండు పక్కలకూ కిందికి పరిచి మట్టితో అదమాలి, కొమ్ము వీపు మాత్రం ఎండకు కనబడుతూ ఉండాలి. ఇసుక నేలలోనూ, ఎండ మరీ తీవ్రంగా ఉండే చోటా పైన పలుచగా మట్టి కప్పవచ్చు, అది కూడా 2 సెంటీమీటర్లకు మించకూడదు. రోజుకు కనీసం 6 గంటల నేరుగా పడే ఎండ, నీరు నిలవని మడి ఉండాలి. నాటిన రోజున ఒకసారి బాగా తడిపి, ఆపైన మట్టి ఆరాకే మళ్ళీ నీరు పెట్టాలి. మీ కరపత్రం ప్రకారం లోతుగా పాతి, ఆకుచెత్త కప్పి, ఎప్పుడూ తడిపి ఉంచితే ఆరోగ్యంగా ఉన్న కొమ్ము సైతం కుళ్ళుతుంది, కుళ్ళకపోయినా ఆకులే తప్ప పూలు ఇవ్వదు. నేను ఆ సూచనలు పాటించలేదు కాబట్టే ఏడు కొమ్ములైనా మిగిలాయి. మొదటిసారి ఐరిస్ కొన్నవారు మీ మాట నమ్మి అలాగే చేసి ఉంటారు, వారు రాసిన ఫిర్యాదులకు కూడా 'నీరు ఎక్కువైంది' అనే జవాబే వెళ్ళి ఉంటుంది. చెప్పినట్టు చేసినందుకు వారినే తప్పుపట్టడం నాకు జరిగినదానికంటే పెద్ద అన్యాయం.

కరపత్రంతో పాటు ఉచిత కానుకగా ఒక ఎరువు పొట్లం కూడా పెట్టారు. దాని మీద ఉన్న మూడు అంకెల్లో మొదటిది, అంటే నత్రజని శాతం, మిగతా రెండింటికీ రెట్టింపు. నత్రజని ఎక్కువైతే ఐరిస్ మెత్తని ఆకులు వేసి మెత్తకుళ్ళుకు సులువుగా లొంగుతుంది, అందుకే ఈ మొక్కకు నత్రజని తక్కువగా ఉన్న ఎరువునే వాడతారు. ఆ పొట్లాన్ని విప్పలేదు, మీరు కోరితే తిరిగి పంపుతాను.

ఇక రంగుల విషయానికి వస్తాను. నా అసలు ఫిర్యాదు ఇదే, మీ సమాధానంలో అత్యంత అసంబద్ధమైన భాగం కూడా ఇదే. 'ఎడిత్ వుల్‌ఫర్డ్' పువ్వులో పైకి లేచే మూడు రేకులు లేత పసుపు, కిందికి వాలే మూడు రేకులు నీలి ఊదా. ఈ రెండు రంగుల పొత్తు కోసమే దాన్ని కోరుకుంటారు, 1993లో దానికి ఐరిస్ రకాలకు ఇచ్చే అత్యున్నత పురస్కారమైన అమెరికన్ డైక్స్ పతకం వచ్చిందని మీ క్యాటలాగులోనే ముద్రించారు. మీ చీటీతో వచ్చిన మూడింటిలో పూసిన రెండూ పైనుంచి కింది దాకా, గడ్డంతో సహా ఒకే ముదురు పసుపు. 'డస్కీ ఛాలెంజర్' పేరుతో వచ్చినది అందరి కంటే ముందే, మోకాలి ఎత్తు కాడ మీద, చిన్న ఎర్రటి ఊదా పువ్వు పూసింది. అసలైన 'డస్కీ ఛాలెంజర్' మీటరుకు దగ్గరగా పెరిగే కాడ మీద, నలుపుకు చేరువైన ముదురు ఊదా రంగులో, పెద్ద పువ్వులతో, కాలం నడిమి నుంచి చివరి దాకా పూసే రకం. నాటిన మొదటి ఏడాది కాడలు కొంత పొట్టిగా రావచ్చునని నాకు తెలుసు, ఎత్తు ఒక్కటే తేడా అయితే ఈ మాట ఎత్తేవాణ్ణే కాదు. టాల్ బియర్డెడ్ తరగతికి కాడ 70 సెంటీమీటర్లకు మించి ఉండాలి, అంతకు తక్కువై 41 దాకా ఉంటే ఇంటర్మీడియట్ బియర్డెడ్ అవుతుంది. ఎత్తు, పువ్వు పరిమాణం, రంగు, పూసిన సమయం, ఈ నాలుగూ ఒక్కసారే ఆ రెండో తరగతిని చూపుతుంటే నేను పొందినది వేరే తరగతి మొక్క అని చెప్పక తప్పదు.

నేల స్వభావాన్ని బట్టి రంగు మారడం హైడ్రాంజియాలో జరుగుతుంది. అక్కడ మట్టి ఆమ్లత వల్ల మొక్క తీసుకునే అల్యూమినియం మోతాదు మారి, నీలం గులాబీగా, గులాబీ నీలంగా కనిపిస్తుంది. ఐరిస్‌లో అలాంటి ప్రక్రియ లేదు. వాతావరణాన్ని బట్టి ఛాయ ఒక పాలు ముదరవచ్చు, ఒక పాలు వెలసిపోవచ్చు. అంతేగానీ రెండు రంగుల పువ్వు ఒకే రంగుగా మారదు, ఆలస్యంగా పూసేది ముందుగా పూయదు. పేరున్న ప్రతి ఐరిస్ రకమూ ఒకే ఒక్క విత్తనపు మొలక నుంచి పిలకలు విడదీస్తూ పెంచినది కనుక, ఆ పేరుతో లోకంలో ఎక్కడ ఉన్న మొక్క అయినా ఆ మొలకలోని భాగమే. ఆ పేర్ల అంతర్జాతీయ నమోదు బాధ్యత 1920లో స్థాపించిన అమెరికన్ ఐరిస్ సొసైటీది. ప్రతి పేరుకూ రంగు, ఎత్తు, పూసే సమయం అక్కడ నమోదై ఉంటాయి, సరిచూసుకోవడం మీకు కష్టమైన పని కాదు.

తోటల్లో 'ఐరిస్ రంగు మారిపోయింది' అనే మాట వినిపించడానికి అసలు కారణం ఎక్కువగా వేరే ఉంటుంది. వాడిన పూలను తుంచకపోతే కాయ కట్టి, గింజలు అదే మడిలో రాలి మొలుస్తాయి. తల్లిని పోలని ఆ మొలకలు తరచుగా తల్లికంటే బలంగా పెరిగి, కొన్నేళ్లలో దాన్ని అణిచివేస్తాయి. అయితే నా మడి కొత్తది, నాటిన మరుసటి వసంతంలోనే ఈ పూలు వచ్చాయి, అంత త్వరగా గింజ మొలిచి పూయడం జరగని పని. ఆ కలగలుపు జరిగి ఉంటే మీ పొలంలో, ఏళ్ల తరబడి తవ్వి విడదీయకుండా వదిలేసిన వరుసల్లో జరిగి ఉండాలి. అలా కాకపోతే సంచుల్లో నింపేటప్పుడు చీటీలు తారుమారై ఉండాలి. ఈ రెండింటిలో ఏది జరిగిందో మీ వరుసలు చూసి తేల్చగలిగేది మీరే. అప్పటిదాకా ఆ పసుపు మొక్క పేరేమిటో నాకు తెలియదు, తెలియని పేరుతో దాన్ని ఎవరికీ పంచలేను.

'ఇమ్మోర్టాలిటీ' ఒక్కటే చీటీకి తగ్గట్టు తెల్లగా పూసింది, అందుకు సంతోషమే. కాకపోతే దాన్ని 'ఏ ప్రాంతంలోనైనా ఏడాదికి రెండుసార్లు తప్పక పూసే రకం' అని క్యాటలాగులో వర్ణించారు. మళ్ళీ పూసే లక్షణం దానికి నిజంగానే ఉంది, కానీ అది బయటపడటం చలి ఎంత త్వరగా వస్తుందన్నదాని మీద, వేసవిలో అందే నీరు, పోషణ మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి 'తప్పక' అనే మాటకు అక్కడ చోటు లేదు. ఆ పేరు పక్కన డైక్స్ పతకం గుర్తు కూడా వేశారు. ఆ పతకం 'బెవర్లీ సిల్స్'కు 1985లో, 'డస్కీ ఛాలెంజర్'కు 1992లో వచ్చింది గానీ 'ఇమ్మోర్టాలిటీ'కి ఎన్నడూ రాలేదు. అచ్చులో ఇంత ఉదారత చూపినవారు చీటీల దగ్గర మాత్రం జాగ్రత్త పాటిస్తారని ఎలా నమ్మాలి?

సరుకు వచ్చిన సమయం గురించి కూడా ఒక మాట. గట్టి మంచు మొదలయ్యే కాలానికి కనీసం 6 వారాల ముందు నాటితేనే ఈ కొమ్ములు కొత్త వేళ్ళు దిగి చలికాలానికి నిలదొక్కుకుంటాయి. వేసవి చివర పంపుతామని ఆర్డరు పత్రంలో రాసి, ఆ గడువు దాదాపు దాటిపోయే వేళకు పంపారు. ఆలస్యానికి కారణం అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు.

కాబట్టి నేను కోరుతున్నది ఇది. కుళ్ళిన ఐదు కొమ్ములకు, వాటి వంతు రవాణా ఖర్చుతో సహా, చెల్లించిన మొత్తం తిరిగి ఇవ్వాలి. 'ఎడిత్ వుల్‌ఫర్డ్' మూడింటికీ, పేరు తప్పిన 'డస్కీ ఛాలెంజర్' రెండింటికీ బదులుగా, మీ పొలంలో పూసినప్పుడు చూసి గుర్తుపట్టిన వరుసల నుంచే తవ్విన కొమ్ములను వచ్చే నాటు కాలం ఆరంభంలో, ప్లాస్టిక్ లేకుండా పంపాలి. అలా గుర్తుపట్టిన మొక్కలు మీ వద్ద లేకపోతే ఆ మాట నేరుగా చెప్పి డబ్బు తిరిగి ఇవ్వండి, మరో పేరు గల రకాన్ని 'దానికి సమానమైనది' అంటూ పంపవద్దు. శిలీంధ్రపు గుళికలు బయటపడిన ఆ విడత సరుకు కొన్న ఇతరులకు హెచ్చరిక పంపాలి, ఆ కొమ్ములు తవ్విన మడిని పరీక్షించాలి. కరపత్రాన్ని వెంటనే ఉపసంహరించుకుని గడ్డపు ఐరిస్‌కు తగిన సూచనలు వేరుగా ముద్రించాలి. ఈ చివరి రెండింటి వల్ల నాకు వచ్చే లాభం ఏమీ లేకపోయినా, మిగతావాటితో సమానంగానే వాటిని కోరుతున్నాను.

ఆర్డరు పత్రం, బిల్లు నకలు, పెట్టె విప్పకముందూ విప్పిన తర్వాతా తీసిన ఫోటోలు, పూల ఫోటోలు, కొలబద్ద పక్కన నిలిపి తీసిన కాడ ఫోటో, మీ కరపత్రం నకలు ఈ లేఖకు జతపరిచాను. పూసిన మొక్కలను మడిలో యథాతథంగా ఉంచాను, మీ తరఫున ఎవరైనా వచ్చి చూడదలిస్తే అభ్యంతరం లేదు. ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా పై అంశాలన్నిటికీ విడివిడిగా, సంబంధిత అధికారి సంతకంతో రాతపూర్వక సమాధానం పంపగలరు. ఆ గడువులోగా రాకపోతే ఇవే పత్రాలతో వినియోగదారుల వివాదాలను పరిష్కరించే అధికార సంస్థను ఆశ్రయిస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
మీ వినియోగదారుడు