హెచ్ఎంలను బడిలో ఉండనివ్వండి: పాఠశాల విద్యాశాఖ సంచాలకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ సంచాలకుల వారికి,
సైఫాబాద్, హైదరాబాద్.

నమస్కారం.

నేను హైదరాబాద్ జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పే స్కూల్ అసిస్టెంట్‌ని. ఈ ఉత్తరం హెచ్ఎంల (ప్రధానోపాధ్యాయుల) గురించి. చదువు నాణ్యత పెంచాలంటూ పైనుంచి వచ్చే ప్రతి ఉత్తర్వూ చివరికి చేరేది హెచ్ఎం టేబుల్ మీదకే. ఆ నాణ్యతను నిజంగా పెంచే పనులకు మాత్రం వాళ్లకు పొద్దు చాలడం లేదు. ఆ పొద్దు వాళ్లకు దొరికేలా చూడమని మిమ్మల్ని అడుగుతున్నాను.

హెచ్ఎం పరిపాలన అనగానే మనకు బిల్లులు, రిజిస్టర్లు, తనిఖీలు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం నేను ఇదివరకు పనిచేసిన బడిలో ఉన్న మేడం గుర్తుకొస్తారు. ఆమె పేరు రాయను, రాస్తే ఆమెకు నచ్చదు. ఆమె చేసిన పనులు రాస్తాను. ఎందుకంటే అవేవీ ఏ ప్రొఫార్మాలోనూ లేవు.

మొదటి పీరియడ్ అయ్యేసరికి అన్ని తరగతుల హాజరు పట్టీలూ ఆమె టేబుల్ మీద ఉండాలి. వరుసగా మూడు రోజులు రాని పిల్లల పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకుని, ఇంటికి ఫోన్ ఆమే చేసేవారు. క్లాస్ టీచర్‌కు అప్పగించేవారు కాదు. ఒకసారి తొమ్మిదో తరగతి అమ్మాయి వారం నుంచి రావడం లేదు. పెళ్లిళ్ల సీజన్, వాళ్లమ్మ ఫంక్షన్ హాల్లో గిన్నెలు కడిగే పనికి పోతోంది. చంటి తమ్ముణ్ని చూసుకోవడానికి ఈ పిల్ల ఇంట్లో ఆగిపోయింది. మేడం తిట్టలేదు, టీసీ ఇస్తానని బెదిరించలేదు. బస్తీలో ఉన్న అంగన్‌వాడీ టీచర్‌తో మాట్లాడి తమ్ముణ్ని అక్కడ కూర్చోబెట్టే ఏర్పాటు చేశారు. మర్నాటి నుంచి అమ్మాయి బడికొచ్చింది. మన లెక్కల్లో ఇది డ్రాపౌట్ తగ్గించడం. అక్కడ జరిగింది ఒక ఫోన్, ఆ ఫోన్ చేయడానికి తీరిక ఉన్న ఒక హెచ్ఎం.

ఇంకొకటి. ఏడాది మధ్యలో జరిగే ఎఫ్ఏ పరీక్షలయ్యాక అందరూ మార్కుల జాబితా అడుగుతారు. ఆమె పేపర్లే తెమ్మనేవారు. ఒక సాయంత్రం తొమ్మిదో తరగతి లెక్కల పేపర్లు ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. ఒక సమీకరణంలో సగం మంది ఒకే తప్పు చేశారు. ఎడమవైపు ఉన్న 7ను కుడివైపుకు తీసుకెళ్లేటప్పుడు అందరూ తీసివేశారు. అది ప్లస్ 7 అయితే సరే. అక్కడున్నది మైనస్ 7. 'అటు పంపితే తీసివేయాలి' అని బట్టీ పట్టారే తప్ప ఎందుకో వాళ్లకు తెలియదు. తప్పు తొమ్మిదో తరగతిలో మొదలైంది కాదు, ఆరేడు తరగతుల్లో పూర్ణసంఖ్యలు నేర్చుకునే దగ్గరే పునాది పడలేదు. పాత టైంటేబుల్ ఫైలు తీసి చూస్తే, ఈ పిల్లలు ఏడో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల టీచర్ చాలా నెలలు డెప్యుటేషన్ మీద వేరే బడిలో ఉన్నారని తేలింది.

ఆమె రెండు పనులు చేశారు. భోజనం తర్వాత పిల్లలు జోగుతుండే పీరియడ్‌లో ఉన్న ఏడో తరగతి లెక్కలను పొద్దున మొదటి పీరియడ్‌కు మార్చారు. నాతో, "వారం రోజులు సిలబస్ పక్కన పెట్టి తొమ్మిదో తరగతికి పూర్ణసంఖ్యలు మళ్లీ చెప్పండి సార్. సిలబస్ ఎందుకు వెనకబడిందని ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి" అన్నారు. ఒక టీచర్‌కు తన హెచ్ఎం నుంచి ఇంతకంటే పెద్ద సహాయం ఏముంటుందో నాకు తెలియదు. ఆ మాట లేకపోతే నేను సిలబస్ ప్రకారం ముందుకు పోయేవాణ్ని. పిల్లలు అదే తప్పుతో పదో తరగతికి వచ్చేవారు.

టీచర్లు సెలవు పెట్టిన రోజు క్లాసు ఏం కావాలన్నది కూడా ఆమె ముందే ఆలోచించి పెట్టేవారు. లీజర్ పీరియడ్ ఉన్నవాళ్లను పంపి పిల్లల్ని అల్లరి చేయకుండా చూడమనడం అన్ని బడుల్లో ఉన్నదే. ఆమె బీరువాలో తరగతివారీగా వర్క్‌షీట్ల కట్టలు ఉండేవి. సబ్జెక్టు టీచర్లమే తయారుచేసినవి. ఎవరు క్లాసుకు వెళ్లినా ఆ కట్ట పట్టుకెళ్లాలి. ఇక వారంలో రెండు మూడు సార్లు ఎవరో ఒకరి క్లాసులో చివరి బెంచీలో కూర్చునేవారు. నిజం చెప్పాలంటే మాకు మొదట్లో ఇబ్బందిగానే ఉండేది. కానీ రిమార్కులు రిజిస్టర్‌లో రాసేవారు కాదు. సాయంత్రం టీ తాగేటప్పుడు పక్కకు పిలిచి ఒక్క విషయం చెప్పేవారు, అదీ క్లాసులో ఏ పిల్లవాడు ఏం చేస్తుండగా చూశారో చెప్పి మరీ.

ఇప్పుడు చాలామంది హెచ్ఎంల రోజు ఎలా గడుస్తోందో చూడండి. గెజిటెడ్ హెచ్ఎం అంటే డీడీవో కూడా, అంటే ప్రభుత్వ డబ్బు డ్రా చేసి పంచే అధికారి. జీతాల బిల్లులు, ఇంక్రిమెంట్లు, సర్వీస్ రిజిస్టర్లు, ట్రెజరీ ఆయన పనే. బడుల వివరాలు నమోదు చేసే పోర్టల్ యూడైస్ ప్లస్‌లో పిల్లల వివరాలు, ఒక్కో విద్యార్థికి ఇచ్చే అపార్ గుర్తింపు నంబర్లు, ఆధార్‌లో పేరు ఒకలా రికార్డులో ఒకలా ఉంటే ఆ సవరణలు, ముఖ గుర్తింపు హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, యూనిఫాం కొలతలు, పుస్తకాల పంపిణీ, పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితాలు). ఇవన్నీ అవసరమే, కాదనను. వీటి మధ్యలో వాట్సాప్ గ్రూపులో 'మోస్ట్ అర్జెంట్, సాయంత్రం నాలుగింటిలోపు' అని ఒక పట్టిక వచ్చి పడుతుంది. తెరిచి చూస్తే అందులో అడిగిన వివరాల్లో చాలావరకు అప్పటికే యూడైస్‌లో ఉన్నవే. జూనియర్ అసిస్టెంట్ లేని బడిలో ఆ పట్టిక నింపేది ఎవరు? కంప్యూటర్ వచ్చిన ఒక టీచర్. ఆ టీచర్ క్లాసు ఆ పూట ఖాళీ.

హైదరాబాద్‌లో ఇంకొన్ని చిక్కులున్నాయి. ఒకే ఆవరణలో రెండు మూడు బడులు నడిచే చోట్లున్నాయి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మీడియాలు పక్కపక్కనే ఉంటాయి. అద్దెకుండే కుటుంబాలు ఇల్లు మారితే పిల్లలు ఏడాది మధ్యలోనే బడి మారిపోతారు. ఒక తరగతిలో ఏ మీడియంలో ఎంతవరకు చదివి వచ్చారో ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క. ఇలాంటి బడికి హెచ్ఎం పూర్తిగా అక్కడే ఉండాలి. పక్క బడికో, పర్యవేక్షణ పోస్టుకో పూర్తి అదనపు బాధ్యతలు మోస్తూ వారంలో సగం రోజులు అటూ ఇటూ తిరిగితే రెండు చోట్లా సంతకాలు మాత్రమే జరుగుతాయి. ఏళ్ల తరబడి కోర్టు కేసుల్లో ఆగిన ప్రమోషన్లు ఈమధ్య కదిలాయి. చాలా బడులకు హెచ్ఎంలు వచ్చారు, సంతోషం. వచ్చినవాళ్లను వచ్చిన బడిలో ఉండనివ్వాలి.

విద్యాహక్కు చట్టం 2009లోని 27వ సెక్షన్ టీచర్లకు బోధనేతర పనులు అప్పగించరాదంటుంది. జనాభా లెక్కలు, విపత్తులు, ఎన్నికలు మాత్రమే మినహాయింపు. బడి లోపలే పుట్టే కాగితాల పని ఆ సెక్షన్ కిందికి రాదు. అందుకే దాన్ని ఎవరూ లెక్కించరు.

కాగితాలు పెరిగితే నిర్వహణ మెరుగైనట్టు కాదనడానికి మన దేశంలోనే గట్టి రుజువు ఉంది. మధ్యప్రదేశ్‌లో బడుల నిర్వహణ బాగుచేయడానికి ఒక కార్యక్రమం పెట్టారు. ప్రతి బడినీ బయటివాళ్లు వచ్చి అంచనా వేయడం, రేటింగ్ ఇవ్వడం, ఆ బడికి తగ్గ అభివృద్ధి ప్రణాళిక రాయించడం. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ దాన్ని 1,774 బడుల్లో పరిశీలించారు. అంచనాలు దాదాపు అన్నిచోట్లా పూర్తయ్యాయి. రేటింగులూ నమ్మదగ్గవే. అయినా బడి పనితీరులో, పిల్లల చదువులో మార్పు కనిపించలేదు. అధికారుల దృష్టి కాగితాలు పూర్తిచేయడం మీదే నిలిచిపోయిందని వాళ్లు తేల్చారు. అప్పటికే అది విజయవంతమైన కార్యక్రమంగా పేరు తెచ్చుకుని దేశంలో 6 లక్షలకు పైగా బడులకు విస్తరించింది. ఈ ఫలితం ప్రతి రాష్ట్ర విద్యాశాఖనూ కలవరపెట్టాలి. బడికి ప్రణాళిక రాయించడం తేలిక. ఆ ప్రణాళిక చేతబట్టుకుని ఏడో తరగతి గదిలోకి నడిచే మనిషికి తీరిక కల్పించడం కష్టం.

పదో తరగతి ఫలితాల సంగతి కూడా చెప్పాలి. రాష్ట్రంలో ఉత్తీర్ణత 2024లో 91.31 శాతం, 2025లో 92.78 శాతం. మంచిదే. ఒక్కో శాతం వెనుక టీచర్ల సాయంత్రాలు, పిల్లల కష్టం ఉన్నాయి. కానీ హెచ్ఎంని మనం ఏడాది పొడవునా అడిగేది ఈ ఒక్క అంకె గురించే అయితే బడి మొత్తం పదో తరగతి చుట్టూ తిరుగుతుంది. ఆటల (పీఈటీ) పీరియడ్లు స్పెషల్ క్లాసులైపోతాయి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు సైన్స్ ల్యాబ్ తలుపు తెరుచుకోదు. బాగా చెప్పే టీచర్లందరూ పదికి, మిగిలినవాళ్లు ఆరుకీ ఏడుకీ. అలా ఆరులో మిగిలిపోయిన లోటును పదిలో స్పెషల్ క్లాసు పెట్టి పూడ్చాలని చూస్తాం. అప్పటికి పిల్లలకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. హెచ్ఎంని ఆరో తరగతి గురించి కూడా అడగండి. మూడు రోజులకు మించి రాని పిల్లలెంతమంది, వాళ్లకోసం ఏం చేశారని అడగండి. అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు ఆఫీసు గదిలో రిజిస్టర్లతో మొదలుపెట్టకుండా ఒక తరగతిలో పది నోటుబుక్కులు చూసి, వాటి గురించి హెచ్ఎంతో మాట్లాడమనండి. ఆఫీసు గది దాటని హెచ్ఎంలు కొందరున్నారని నాకూ తెలుసు. కాగితాల పనే వాళ్లకు అడ్డుగోడ. ఆ గోడ తీసేస్తే ఎవరు ఏం చేస్తున్నారో మీకూ స్పష్టంగా కనిపిస్తుంది.

శిక్షణ విషయానికొస్తే, నిన్నటిదాకా క్లాసులో ఉన్న స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్ ఉత్తర్వు అందిన రోజు నుంచి డీడీవో, బడికి పెద్ద, ఇరవై మంది సిబ్బందికి అధికారి. జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం ప్రిన్సిపాళ్లు ఏటా 50 గంటలు శిక్షణ తీసుకోవాలి. నాయకత్వం, నిర్వహణతో పాటు బోధన కూడా అందులో ఉండాలంది. ఢిల్లీలో విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ అయిన నీపాలో బడి నాయకత్వం కోసమే 2012 నుంచి ఒక జాతీయ కేంద్రం నడుస్తోంది. బషీర్‌బాగ్‌లో మన రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి ఎస్సీఈఆర్టీ ఉంది. నాకు తోచేది ఒకటే. కొత్త హెచ్ఎంని మొదటి నెలలో కొన్ని రోజులు అనుభవమున్న మంచి హెచ్ఎం పక్కన కూర్చోబెట్టండి. టైంటేబుల్ వేయడం, స్టాఫ్ మీటింగ్‌లో పిల్లల పేపర్ల గురించి మాట్లాడించడం, కోపంతో వచ్చిన తండ్రిని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి మాట్లాడడం పీపీటీలు చూస్తే వచ్చేవి కావు.

డబ్బు గురించి కొద్దిగా. కేంద్ర పథకం సమగ్ర శిక్షా నిబంధనల ప్రకారం 251 నుంచి 1,000 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 75,000 రూపాయల గ్రాంటు. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు పోవాలి. కరెంటు బిల్లు, చాక్‌పీసులు, పగిలిన కుళాయి, ల్యాబ్ సామాను అన్నీ అందులోనే. జూన్ 12న బడి తెరిచేనాటికే ఆ డబ్బు హెచ్ఎం చేతిలో ఉంటే, ఆడపిల్లల బాత్రూం తలుపు గొళ్లెం జూన్‌లోనే బాగవుతుంది. గొళ్లెం లేని బాత్రూం ఉన్న బడికి తొమ్మిదో తరగతి ఆడపిల్ల నెలలో ఎన్ని రోజులు రాగలదో మీకు చెప్పనక్కర్లేదు.

ఇక నేను అడిగేవి. బడుల నుంచి కావలసిన సమాచారం నెలకు ఒకే తేదీన, ఒకే చోట అడగండి. యూడైస్‌లో ఉన్నదాన్ని మళ్లీ అడగొద్దని కింది కార్యాలయాలకు రాతపూర్వకంగా చెప్పండి. మధ్యాహ్నం వరకు హెచ్ఎంలకు మీటింగులు, టెలీకాన్ఫరెన్సులు పెట్టొద్దు. పొద్దుటి పీరియడ్లలో వాళ్లు బడిలో, క్లాసుల్లో ఉండాలి. మూడు వందలకు పైగా పిల్లలున్న ప్రతి హైస్కూలుకూ ఒక జూనియర్ అసిస్టెంట్‌ని ఇవ్వండి. వెంటనే కుదరకపోతే రెండు మూడు బడులకు కలిపి ఒక డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని అయినా ఇవ్వండి. ఏ హెచ్ఎంకీ రెండో చోట అదనపు బాధ్యత మూడు నెలలు దాటకూడదు.

అన్నీ ఒకేసారి రాష్ట్రమంతా చేయనక్కర్లేదు. ముందు హైదరాబాద్‌లో కొన్ని స్కూల్ కాంప్లెక్సులు (దగ్గరదగ్గరి బడుల సమూహాలు) తీసుకోండి. ఉర్దూ మీడియం బడులున్న పాతబస్తీ కాంప్లెక్సు ఒకటి, బస్తీ పిల్లలు ఎక్కువగా వచ్చే బోరబండ, అడ్డగుట్ట లాంటి చోట్ల ఇంకొకటి ఉండేలా చూడండి. వచ్చే జూన్‌లో మొదలుపెట్టి డిసెంబర్ దాకా ఈ పద్ధతి నడపండి. ఆ తర్వాత ఆ బడులకు మీరే స్వయంగా రండి. హెచ్ఎంని నివేదిక అడగకండి. ఏ తరగతిలో ఏ పిల్లలు దేనిలో వెనకబడ్డారో, ఈ ఆరు నెలల్లో వాళ్లకోసం ఏం మార్చారో అడగండి, ఆ తర్వాత ఆ పిల్లల నోటుబుక్కులు తెప్పించుకుని చూడండి.

ఇట్లు,
ఒక స్కూల్ అసిస్టెంట్ (గణితం),
ప్రభుత్వ ఉన్నత పాఠశాల,
హైదరాబాద్ జిల్లా.