ఫొటో కింద మా వాళ్ళ పేర్లు కూడా వేయండి

సంపాదకుడు గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో పాత విశాఖ ఫొటోలు వేసారు కదా, అందులో ఒకటి మా జాలర్లది, నలుగురు మనుషులు తెప్పని అలల్లోకి తోస్తున్న బ్లాక్ అండ్ వైట్ ఫొటో. బాగుంది. కానీ కింద "వేటకు వెళ్తున్న మత్స్యకారులు" అని ఒక్క ముక్క రాసి వదిలేసారు. దాని పక్కనే ఎవరో జమీందారు గారి గ్రూప్ ఫొటోకి మాత్రం కూర్చున్నవారు ఎడమ నుంచి కుడికి, నిలబడినవారు ఎడమ నుంచి కుడికి అని అందరి పేర్లూ ఉన్నాయి. మీ ఒక్కరి మీద కోపంతో రాయట్లేదండి, అందరూ చేసేది ఇదే. రిసార్టుల్లో రిసెప్షన్ గోడ మీద కూడా మా వాళ్ళే ఉంటారు, గోచీ, తలపాగా, భుజాన వల, పేరు మాత్రం ఉండదు. పూరీలో టూరిస్టుల చెయ్యి పట్టుకుని సముద్ర స్నానం చేయించే నులియాలు, ఆ మొన టోపీల వాళ్ళు, మన తెలుగు జాలర్లే, దేశం మొత్తం మీద ఎంతమంది ఆల్బమ్‌లలో ఉన్నారో లెక్కలేదు, వాళ్ళ పేరు అడిగినవాళ్ళెవరు?

మా ఇంట్లో 1970ల నాటి ఫొటో ఒకటుంది. ఇసకలో ఒక సొర, పక్కన మా పెదనాన్న, సొర ఆయన కంటే పొడుగు. వెనకాల తెప్ప విప్పేసి దుంగలు ఎండకి వేసారు, అప్పట్లో వేటనుంచి రాగానే తాళ్ళు విప్పి ఆరబెట్టకపోతే దుంగలు నీళ్ళు పీల్చి బరువెక్కిపోయేవి, ఇప్పటి పిల్లలు అది చూసి ఆ కట్టెలేంటి అని అడుగుతున్నారు, వాళ్ళకి తెలిసింది ఫైబర్ బోటే. ఫొటో అంచున సగం తెగిపోయి గంపతో కనిపించే ఆవిడ మా పెద్దమ్మ. చూసినవాళ్ళంతా అబ్బ ఎంత చేప పట్టాడో అంటారు. మా అమ్మ మాత్రం, "ఆ సేప అప్పటికే షావుకారిదైపోనాదిరా, కాటా ఒచ్చేలోపు తీసిన పొటో అది" అంటుంది. వల కోసం తెచ్చిన అప్పులోకి మొత్తం జమ చేసుకున్నాడంట, ఇంటికి తల కూడా రాలేదంట. ఈ సంగతి ఫొటోలో ఎక్కడుంది చెప్పండి? మా అమ్మ తరం అయిపోతే ఇది ఒక పెద్ద చేప ఫొటో, అంతే.

ఇదంతా సెంటిమెంటు అనుకునేవాళ్ళ కోసం ఇంకో విషయం. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని కీ వెస్ట్ అనే ఊళ్ళో, సరదాకి గేలం వేయడానికి వచ్చినవాళ్ళు ఆ రోజు పట్టిన పెద్ద చేపల పక్కన నిలబడి దిగిన పాత ఫొటోల్ని లోరెన్ మెక్‌క్లెనకన్ అనే పరిశోధకురాలు పోగేసి, వాటిల్లోంచే చేపల సైజు లెక్కగట్టారు. 1956లో సగటున 19.9 కిలోలున్న చేప 2007కి 2.3 కిలోలకి దిగిపోయింది. ఫొటో తీయించుకునేది ఎప్పుడూ పెద్ద చేపతోనే, రోజూ పడే కవ్వళ్ళ లాంటి చిన్న చేపలకి ఎవడు తీసుకుంటాడు అని మీరనొచ్చు, నిజమే, కానీ గొప్పగా చూపించుకునే చేపే అంత చిన్నదైపోతే మిగతావాటి సంగతేంటి? మన దగ్గర ముసలాళ్ళు పూర్వం కోనం చేపలు ఇంతింత ఉండేవి అని చేతులు చాపితే ఆఫీసర్లు నవ్వి ఊరుకుంటారు. ఫొటో ఉంటే నవ్వలేరు కదా. సముద్ర చేపల మీద పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ సెంటర్ ఇక్కడే విశాఖలో ఉంది, వాళ్ళు తలుచుకుంటే ఇదేమంత కష్టం కాదు.

ఇక ఆ ఫొటోలు ఉన్న స్థితి చెప్పాలంటే, ఉప్పుగాలికి సగం అద్దానికి అతుక్కుపోయి ఉన్నాయి, లాగితే మొహాలు ఊడొస్తాయి. 2014 హుద్‌హుద్ తుఫానుకి రేకులు ఎగిరిపోయిన ఇళ్ళల్లో చాలా తడిసిపోయాయి, పెళ్ళి ఫొటోలే పోయాయి, ఇంక వేట ఫొటోలు ఎవరు చూసుకుంటారు. కాకినాడ దగ్గర ఉప్పాడ వైపు అయితే ఇళ్ళకి ఇళ్ళే సముద్రంలో కలిసిపోతున్నాయి.

బీచ్ రోడ్డులో 2002 నుంచి కురుసురా సబ్‌మెరైన్ ఉంది, 2017లో టీయూ 142 విమానం కూడా పెట్టారు. పెట్టాల్సిందే, మా పిల్లల్ని కూడా తీసుకెళ్ళి చూపించాం. అదే రోడ్డు మీద విశాఖ మ్యూజియం కూడా ఉంది. ఇన్ని ఉన్నచోట జాలరి పేటల ఫొటోలకి ఒక గది ఇవ్వలేరా? కొత్త బిల్డింగ్ అడగట్లేదు, శంకుస్థాపనలు అసలే వద్దు. ఒక స్కానర్, ఒక కుర్రాడు, రాసుకోడానికి ఒక నోట్ బుక్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజులూ బోట్లు ఒడ్డునే ఉంటాయి, మగాళ్ళు వలలు బాగుచేసుకుంటూ ఇక్కడే ఉంటారు, అప్పుడొచ్చి పేట పేటకీ కూర్చుంటే సరిపోతుంది. మత్స్యశాఖ వాళ్ళు నిషేధ కాలం భృతి కోసం బోట్ల లెక్క రాసుకోడానికి ఎలాగూ వస్తారు, ఆ చేత్తోనే ఇదీ అడగొచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఆడవాళ్ళని కూర్చోబెట్టి అడగాలి. మగాళ్ళు బోటు పేరు, ఇంజను సంగతి చెప్తారు, ఎవరి అప్పు ఎంత, ఆ ఏడు ఎవరు తిరిగి రాలేదు అన్నది ఆడవాళ్ళకే గుర్తు.

ప్రభుత్వం చేసేలోపు మీరు ఒక పని చేయొచ్చు. ఆ ఆదివారం ఫొటోనే మళ్ళీ వేసి, వీళ్ళెవరో తెలిసినవాళ్ళు చెప్పండి అని అడగండి. మా పేటలో అప్పుడే గొడవ మొదలైంది, ఎడమ నుంచి రెండో మనిషి మా వాడంటే మా వాడని రెండు కుటుంబాలు.

ఒరిజినల్స్ మాత్రం ఎవరికీ ఇవ్వం. ఇదివరకు ఎగ్జిబిషన్ అని చెప్పి ఒకాయన పట్టుకెళ్ళినవి ఇప్పటికీ తిరిగి రాలేదు. ఇంటికొచ్చి ఫోన్‌లో తీసుకోండి, టీ మేమిస్తాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెదజాలారిపేట, విశాఖపట్నం