ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే

కొలంబస్, ఒహాయో
డిసెంబర్ 14

ప్రియమైన అక్కకి,

ఇక్కడ మేమంతా బాగున్నాం. నువ్వు, బావగారు, పిల్లలు కులాసా అని తలుస్తాను.

క్రిస్మస్‌కి మా బడిలో పిల్లల చేత ఏ రంగులు వేయిస్తున్నారు, సంక్రాంతికి మీ అంగన్‌వాడీలో పనికొస్తుందేమో అని మొన్న ఫోన్‌లో అడిగావు కదా. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

మా క్లాసులో అందరూ మూడు, నాలుగేళ్ల వాళ్లే. ఈ వారం బ్రష్షులు దాచేశాం. క్రిస్మస్ చెట్లు అమ్మేచోట కోసి పారేసే కొమ్మలు అడిగితే ఊరికే ఇచ్చారు. వాటి రెబ్బల్ని రంగులో ముంచి కాగితం మీద కొడితే సూదుల్లాంటి ఆకులు సన్నటి గీతల్లా పడతాయి. ఒకమ్మాయి వాకిలి ఊడ్చినట్టు కాగితమంతా ఊడ్చేసింది. అక్కా, అచ్చం మన అమ్మమ్మే! ఇంకోరోజు చెప్పుల అట్టపెట్టెలో కాగితం పరిచి, నాలుగు చుక్కల రంగు, పెద్ద మువ్వలు వేసి మూత పెట్టి ఇచ్చాం. గలగలా ఊపడమే వాళ్ల పని. మూడేళ్ల లోపు వాళ్లకి మాత్రం మువ్వలు ఇవ్వకు, నోట్లో పెట్టేసుకుంటారు. ఎప్సమ్ సాల్ట్ అని ఇక్కడ స్నానం నీళ్లలో వేసుకునే ఉప్పు ఉంటుంది, దాన్ని వేడినీళ్లలో కరిగించి, చల్లారాక నల్ల కాగితం మీద పూయించాం. ఆరేసరికి కిటికీ అద్దం మీద మంచు పట్టినట్టు మెరిసింది.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. పోయిన ఏడాది నేను గోడ మీద ఒక బొమ్మ అంటించి పెట్టాను, ఆకుపచ్చ చెట్టు, ఎర్ర బంతులు. ఒక పిల్లాడు ఎరుపు మీద ఆకుపచ్చ పులిమి, అంతా బురద రంగు చేస్తున్నాడు. "ఇలా కాదు నాన్నా" అని వాడి చెయ్యి పట్టుకుని చెట్టు గీయించాను. వాడు బ్రష్ కింద పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ నెలంతా మళ్లీ రంగుల బల్ల దగ్గరికి రాలేదు. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఈసారి గోడ ఖాళీగానే ఉంచాను. "ఇదేంటి?" అని ఎవరినీ అడగను, "ఎలా చేశావో చెప్పు" అంటాను. నిన్న ఒక పాప రెండు అరచేతులతో ఆ రెండు రంగులే కలిపి, "చూడు, చాక్లెట్ వచ్చింది!" అని అరిచింది. ఇంకో కాగితం పక్కన పెట్టి ఊరుకున్నాను. ఇరవై నిమిషాలు కదల్లేదక్కా! అమ్మానాన్నలు ఇదేం బొమ్మ అని అడగకుండా, పాప అన్న మాటే కాగితం వెనక రాసి పంపాను.

నీకు ఇవేవీ కొనే టెన్షన్ అక్కర్లేదు. అడ్డంగా కోసిన బెండకాయ, కొబ్బరి పీచు, చీపురు పుల్లల కట్ట చాలు. పసుపు నీళ్లలో చిటికెడు వంటసోడా వేస్తే ఎర్రబడుతుంది, అది పిల్లల ముందే కలుపు. ముగ్గు రోజున మాత్రం నువ్వు ముందు వేసి చూపించకు. పిండి గిన్నె వాళ్ల చేతికిచ్చి పక్కన కూర్చో.

ఏం చేశారో ఫొటోలు పంపు. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో కూడా రాయి.

నీ చెల్లి