గంప పట్టేది మామయ్యే

చిరంజీవి స్రవంతికి అమ్మ ఆశీస్సులు.

పెళ్లికి మామయ్య వస్తే రానీ గానీ, నిన్ను గంపలో మండపానికి తెచ్చేది మాత్రం ఆయన వద్దని నిన్న ఫోనులో అన్నావు. వరసకు మేనమామలు ఇంకా ఉన్నారు కదా అన్నావు. ఫోనులో మాట్లాడితే ఇద్దరికీ కోపాలు వస్తాయని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

నీ కోపంలో న్యాయం ఉంది. నీ ఓణీల వేడుకకు ఆయన తూలుతూ వచ్చి, నలుగురిలో నానా మాటలూ అని, చివరికి అక్షింతల పళ్లెం మీదే పడ్డాడు. ఆ వయసు పిల్లకు అది ఎంత అవమానమో పక్కనే ఉండి చూశాను. దాన్ని మరిచిపొమ్మని అడగను. క్షమించి తీరాలని కూడా అనను. కానీ గంప మామయ్యే పట్టాలన్నది నా కోరిక. తమ్ముడి మీద మమకారంతోనే అనుకుంటావేమో, ఇన్నేళ్లు ఆసుపత్రి వార్డులో నర్సుగా పనిచేసిన మనిషిగా కూడా చెబుతున్నాను.

ఆయన తాగుడు మానడం నువ్వు దగ్గరుండి చూడలేదు. ఆసుపత్రిలో చేర్చిన రోజు టీ గ్లాసు ఎత్తలేక, బల్ల మీదే ఉంచి, నోరు దాని దగ్గరకు దించి తాగాడు. ట్రాక్టరు ఇంజిను మొత్తం విప్పి మళ్లీ బిగించే చేతులవి! మూడో రాత్రి ఇక తన లోకంలోకి వెళ్లిపోయాడు. గాలిలో స్పానరు తిప్పుతూ, లేని బోల్టులు బిగిస్తూ, "ఇంకో చుట్టు, ఇంకో చుట్టు" అని తెల్లవార్లూ పనిచేస్తూనే ఉన్నాడు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రోజే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల లోపు మూర్ఛలు రావచ్చు. ఆ తర్వాత ఈ మతిభ్రమణ. వైద్యం అందకపోతే ప్రాణాలే పోతాయి. అందుకే మొదటి వారం మెదడును శాంతపరిచే మాత్రలు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు, గ్లూకోజు ఎక్కించే ముందు బి1 విటమిన్ ఇస్తారు. మనసుంటే ఒక్కరోజులో మానొచ్చు అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2020 లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూసేయగానే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటివాళ్లు ఎంతమంది వచ్చారో నువ్వు హైదరాబాదులోనే ఉండి విన్నావు. అదే ఏడాది మన పక్క జిల్లా కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లందరికీ మనసు లేకనా?

ఆసుపత్రికి ముందు మన బంధువులు చేసిన వైద్యం నీకు పూర్తిగా తెలియదు. రాత్రికి రాత్రి వ్యానులో ఎక్కించి ఒక ప్రైవేటు కేంద్రంలో పడేశారు. అక్కడ కాలికి గొలుసు, మాట వినకపోతే దెబ్బలు. మనిషిని గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పూర్తిగా నిషేధించింది. మద్యం వ్యసనంతో వచ్చే జబ్బులూ ఆ చట్టం కిందికే వస్తాయి. అక్కడినుంచి వదిలిన సాయంత్రమే మామయ్య నేరుగా దుకాణానికి వెళ్లాడు. ఆ తర్వాత మీ పెద్దత్త ఒక పొడి తెప్పించింది, తెలియకుండా కాఫీలో కలిపేయమని. అలాంటి వాటిలో డైసల్ఫిరామ్ ఉంటే, అది కడుపులో ఉండగా తాగిన మనిషికి ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, వాంతులై బీపీ పడిపోతుంది. రోగి తెలుసుకుని, ఒప్పుకుని, డాక్టరు కనుసన్నల్లో వేసుకోవలసిన మందు అది. చాటుగా కలపడమంటే ప్రాణంతో ఆడుకోవడమే. ఆ పొట్లం నేనే పెరట్లో పాతేశాను.

ఏటా ఆయన అయ్యప్ప మాల వేసేవాడు, గుర్తుందా? ఆ నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టేవాడు కాదు. మాల తీసిన వారానికే మళ్లీ మొదలు. "మానాలనుకుంటే మానగలడు, అన్నీ నాటకాలు" అనేవారు మనవాళ్లు. నాకు మాత్రం ఆ దీక్షలో వేరే సంగతి కనిపించేది. మాలలో ఉన్నంతకాలం ఊరంతా "స్వామీ" అని పిలిచేది. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానానికి పదిమంది తోడు, సాయంత్రం భజన, ఇంటింటి నుంచీ భిక్షకు పిలుపు. తాగుడు స్నేహితులు కూడా దూరంనుంచే నమస్కారం పెట్టి తప్పుకునేవారు. మాల తీయగానే స్వామి కాస్తా తాగుబోతు అయ్యాడు, ఆ పదిమందీ ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. (జబ్బు ముదిరిన చివరి ఏడాది మాల వేసుకున్న మర్నాడే మూర్ఛ వచ్చింది. రోజూ తాగేవాళ్లు దీక్షకు ముందు డాక్టరును కలవాలని గురుస్వాములే చెబితే ఎంత బాగుంటుందో.)

ఇప్పుడు ఆయనకు ఆ పదిమంది మళ్లీ దొరికారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకు వెళుతున్నాడు. 1935లో అమెరికాలోని ఆక్రన్ ఊళ్లో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్, ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్లే, ఒకరికొకరు తోడుగా కూర్చోవడంతో మొదలైన సంఘం అది. రుసుము లేదు, ఇంటిపేరు అడగరు. మానాలన్న కోరిక ఉంటే చాలు. రాత్రి పదకొండుకు నాలుక పీకినా ఫోను చేయడానికి అక్కడ ఒక పెద్దమనిషి ఉన్నాడు. మొన్న సంక్రాంతికి మామయ్య తప్పి తాగాడు. దాచలేదు. తెల్లవారి ఆయనే ఆ పెద్దమనిషికి చెప్పి, డాక్టరు దగ్గరకు వెళ్లాడు. ఈ జబ్బులో మళ్లీ జారడం మామూలే. జారినరోజు ఎవరికి చెప్పుకోగలడన్నదే నేను చూసేది.

మనకు దగ్గరిదే కదా, కలిగిరి పక్కన దూబగుంట. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా మీద తిరగబడితే రాష్ట్రమంతా కదిలింది. మరుసటి ఏడాది సారా, 1995లో మద్యం మొత్తం నిషేధించారు. 1997లో మళ్లీ సడలించారు. ఆ తల్లులకు చేతులెత్తి దండం పెడతాను. దుకాణం మూయించాక కూడా తాగే మనిషిని నిలబెట్టే పని మిగిలే ఉంటుంది, అది ఇంట్లోవాళ్లు, వీధిలోవాళ్లు చేయాల్సింది. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, తాగుడు హద్దు మీరిన మగవాళ్లతో కొన్ని విడతలు మాట్లాడించారు. మామయ్యంత దూరం పోనివాళ్లే అనుకో. మూడు నెలలకు, అలా మాట్లాడించినవాళ్లలో నూటికి 42 మంది అంతకుముందు రెండు వారాలూ తాగకుండా ఉన్నారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 18 మందే. ఇది 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మన దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019లో ఎయిమ్స్ సర్వే తేల్చింది. ఆ ఒక్కరిలో మామయ్య ఉన్నాడు. ఆయన్ను మళ్లీ ఆ ముప్పై ఏడుమందిలోకి తోసేయడం నాకు ఇష్టం లేదు.

ఇంతా చెప్పి ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. కరుణ అంటే దెబ్బలు తినడం కాదు. ఆయన అత్తయ్య మీద చెయ్యి చేసుకున్న రోజే ఆమెనూ పిల్లలనూ మనింటికి తెచ్చేశాను. చికిత్సలో చేరేదాకా పంపలేదు. ఇప్పుడు అత్తయ్య కూడా తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం నడిచే ఆల్-అనాన్ సమావేశాలకు వెళుతోంది. ఈ తాగుడుకు కారణం నేను కాదు, దాన్ని అదుపు చేయడం నా చేతిలో లేదు, నయం చేయడం నా వల్ల కాదు అని అక్కడ అనుకుంటారట. ఆ మాట పట్టుకున్నాకే ఆమెకు నిద్ర పడుతోంది.

పెళ్లిలో ఆయన తాగడని హామీ ఇవ్వగలవా అంటే, ఇవ్వలేను. ఆయనే ఇవ్వడు, "ఈ రోజుకు తాగను" అంటాడు, అంతే. మనం చేయగలిగినవి మాత్రం ఉన్నాయి. విడిదింట్లో సీసాలు ఉండకూడదని కార్తీక్‌తో నువ్వే చెప్పు, స్నేహితులు పార్టీ చేసుకుంటే వేరే చోట చేసుకుంటారు. ఆయన మీటింగు పెద్దమనిషికి కుటుంబంతో సహా పిలుపు ఇస్తాను. జనరేటర్లు, బస్సుల బాధ్యత మామయ్యకు అప్పగిస్తాను, పనిలో ఉంటే ఆయన మనసు కుదుటపడుతుంది. దగ్గరకెళ్లి నోరు వాసన చూడటం, "తాగట్లేదు కదా" అని పదిసార్లు అడగడం మనవాళ్లెవరూ చేయకూడదు. మీ అత్తగారివాళ్లు అడిగితే జబ్బు చేసి వైద్యం తీసుకుంటున్నాడని చెప్పవచ్చు, కానీ ముందు మామయ్యను అడిగి చెప్పు. చెప్పాలా వద్దా అన్నది ఆయన ఇష్టం.

మీ ఆఫీసులో ఆ అమ్మాయి తండ్రి గురించి అడిగావు కదా. 14416కు, అంటే టెలి మానస్‌కు, ఫోను చేయమను, తెలుగులోనే మాట్లాడతారు. మత్తు అలవాట్లకు విడిగా 14446 ఉంది. ఆయన్ను ఒక్కసారిగా మాన్పించవద్దని మాత్రం గట్టిగా చెప్పు.

పెళ్లి నీది, చివరి మాట కూడా నీదే. శుభలేఖ ప్రూఫు శుక్రవారం ప్రెస్సుకు ఇవ్వాలి, మేనమామ పేరు దగ్గర ఖాళీ ఉంచమన్నాను. గురువారం లోపు చెప్పు. జాకెట్టు కొలతలు కూడా పంపు, టైలరు రోజూ అడుగుతున్నాడు.

ప్రేమతో,
అమ్మ