బావకు, మీ చెల్లె సంగతి

బావా,

మొన్న రాత్రి నువ్వు ఫోన్ చేస్తే "మంచిగనే ఉన్నం, నడుస్తుంది" అని పెట్టేసిన గదా, అది సగమే చెప్పిన. పక్కనే మీ చెల్లె పండుకొని ఉండె, ఆమె వినంగ ఏం చెప్పాలె. ఇప్పుడు నల్గొండ పెద్ద దవాఖాన వరండాల కూసున్న. లోపల ఆమెకు కిడ్నీల పని చేసే డయాలసిస్ మిషిన్ మీద నాలుగు గంటలు, బయట నాకు నాలుగు గంటలు. ఫోన్ల చార్జింగ్ ఉన్నది, ఇగ మొత్తం రాస్తున్న, నువ్వు భివండిల షిఫ్ట్ దిగినంక నిమ్మలంగ చదువుకో.

అసలు ఎట్ల మొదలైందో నీకు సరిగ్గ తెల్వదు. చిన్నోడు పుట్టినప్పటి నుంచే ఆమెకు బీపీ, గోలి రాసిచ్చిన్రు, రెండేండ్లు ఏసుకున్నది, తల తిరుగుడు తగ్గిందని బంద్ చేసింది. నేనన్న అడగాలె గదా, అడగలే. కుట్టుమిషిను మీద పొద్దుందాక కూసునేసరికి నడుం నొప్పి, దానికి ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పిగోలీలు, ఎక్కువైతే సూది, నాలుగైదేండ్లు గట్లనే నడిచింది. ఆ గోలీలు ఏండ్లకేండ్లు మింగితే కిడ్నీలు ఖరాబైతయని మాకెవ్వరు చెప్పలే, మేం అడగలే. కిడ్నీ నొప్పి పెట్టదు బావా, పన్ను నొచ్చినట్టు నొస్తే ఎప్పుడో పోయి చూపించుకుందుము. పొద్దుగాల లేస్తే ముఖం ఉబ్బుడు, కాళ్ల వాపు, ఒళ్లంత దురద, అన్నం సయించకపోవుడు, నోట్ల ఇనుము నాకినట్టు ఉంటదనేది. పరీక్ష చేపిస్తే రక్తంల క్రియాటినిన్, అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన మలినం, 4.2 వచ్చింది. ఒకటి చుట్టుముట్టు ఉండాల్సింది అది.

ఊర్ల అందరు మన ఫ్లోరైడ్ నీళ్లతోనే అయిందన్నరు. మర్రిగూడ దిక్కు వంకరపోయిన కాళ్లను చిన్నప్పటి నుంచి చూసినోళ్లం, నల్గొండోళ్లకు ఏం రోగమొచ్చినా ముందు ఆ మాటే నోట్లెకొస్తది. నేనూ నమ్మిన. డాక్టరేమో రిపోర్టులన్ని తిరగేసి బీపీ, నొప్పిగోలీలు, ఈ రెండిటితోటే అన్నడు. గప్పుడే ముందు ముందు డయాలసిస్ పడొచ్చని కూడ చెప్పిండు. ఆ మాట వినంగనే మా కాళ్లు చేతులు ఆడలే. ఒకసారి మిషిన్ ఎక్కితే ఇగ దిగుడు ఉండదట అని చుట్టాలొకరు, ఎక్కినోళ్లు ఆరు నెలలే అని ఇంకొకరు. ఆ భయానికి ఒకాయన ఆకుపసరు పోస్తడంటే రెండు నెలలు ఆయన ఎంబడి తిరిగినం. ఆ రెండు నెలలు మంచి డాక్టరు కాడ ఉంటే డయాలసిస్ సూదులు గుచ్చనీకి చేతికి చేసే ఆపరేషన్, ఫిస్టులా అంటరు, అది ముందుగాలనే చేపించుకుందుము, ఆగమాగం కాకపోదుము.

ఇప్పుడు రాసేది ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే బావా, నీకే చెప్తున్న. ఆమె తిండి తింటలేదు, నీరసమైతుందని, బలం రావాలెనని, మన తోటల బత్తాయిలు కోసుకొచ్చి రోజు రెండు పెద్ద గిలాసల రసం తీసి తాపిచ్చిన. పొద్దుగాలొకటి, పొద్దూకొకటి. తోట పెట్టి పదకొండేండ్లు అయింది, నీకు తెలుసు గదా మూడెకరాలు, మంచి కాయ మొత్తం బాటసింగారం మార్కెట్‌కు పంపి గీతలు పడ్డ కాయ మేం తినేది. ఈసారి మంచి కాయ ఏరి మరీ ఆమెకు తెచ్చిన. చూడనీకి వచ్చినోళ్లు కొబ్బరిబోండాలు తెచ్చిరి, అవ్వి కూడ కొట్టి తాపిచ్చిన. డిసెంబర్ల ఒక రాత్రి ఆమెకు పండుకుంటే ఊపిరాడలే, లేచి కూసుంటె కాళ్లు చెప్పినట్టు వింటలేవు. 108ల నల్గొండకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు. రక్తం పరీక్షల పొటాషియం 6.9. ఐదు దగ్గర ఆగాలె, ఏడుకు పోతే గుండె ఎప్పుడు ఆగుతదో చెప్పలేమన్నరు. ఏం పెడుతున్నరు ఇంట్ల అని అడిగిండు ఆ చిన్న డాక్టరు. చెప్పిన. ఆయన తిట్టలే, తలకాయ కిందికేసి రాసుకున్నడు, కిడ్నీ పనిచేస్తే పొటాషియం మూత్రంల పోతది, పనిచేయకపోతే రక్తంలనే నిలుస్తది, బత్తాయి, కొబ్బరినీళ్లు, అరటిపండు, టమాట అన్నిట్ల అదే ఎక్కువ అని నిమ్మలంగ చెప్పిండు. ఆ రాత్రే మెడకాడ పైపు ఏసి డయాలసిస్ ఎక్కిచ్చిన్రు. నేను పొద్దు పొడిచేదాంక మెట్ల మీదనే కూసున్న. నా చేతులతోటి, నా తోట కాయ.

ఇరవై రోజులకు ఇంటికొచ్చినంక ఆమెకు చెప్పిన, ఏడ్చుకుంట. ఆమె కాసేపు ఏమనలే. "నువ్వు పోసినవ్, నేను తాగిన, తియ్యగుండె. ఇగ ఇడిసిపెట్టు" అన్నది.

ఆమె ఇడిసిపెట్టింది గని నేను ఇడువలే బావా. ఆ భయం నాకు ఇంకో తీరుగ ఎక్కింది. పోలీసోని లెక్క తయారైన. డాక్టరు చెప్పిన లెక్క ఏందంటే ముందురోజు ఎంత మూత్రమొస్తే అంత, దానిమీద అర లీటరు. ఆమెకు పావు లీటరు వచ్చుడు కష్టం, అంటే చాయ్, సల్ల, పప్పుల నీళ్లు, గోలీ ఏసుకునే నీళ్లు అన్ని కలిపి దినానికి ముప్పావు లీటరు. నేను నోట్‌బుక్ పెట్టి గుటకగుటక రాసిన. ఎక్కడ చెంబు కనవడితే అక్కడ ఎత్తిపెట్టిన. కూరగాయలు సన్నగ కోసి నానబెట్టి, ఉడికిచ్చి, ఆ నీళ్లు పారబోసి మల్ల వండుడు, అది కూడ నేనే నేర్చుకున్న, పొటాషియం జరంత పోతది గట్ల చేస్తే. చింతపండు తగ్గిచ్చినం, తొక్కులు, అప్పడాలు బంద్. ఒకాయన లో సోడియం ఉప్పు మంచిదని ప్యాకెట్ తెచ్చిచ్చిండు, డయాలసిస్ కాడి సిస్టరమ్మ చూసి అది పొటాషియం ఉప్పే, పారేయమన్నది. గప్పటి నుంచి నాకు ఏ ప్యాకెట్ చూసినా అనుమానమే.

మే నెలల మన ఎండ నీకు చెప్పేదేముంది. ఒకనాడు మధ్యాహ్నం నేను తోటకాడి నుంచి వచ్చేసరికి మీ చెల్లె రంజన్ కాడ కింద కూసొని తడిబట్ట మొఖానికి ఒత్తుకుంటుంది, పక్కన గిలాస ఉన్నది. నేను చూడంగనే ఎన్ని తాగినవ్ అని గట్టిగ ఒర్రిన. పక్కింటోళ్లు బయటికొచ్చిన్రు. ఆమె గిలాస బోర్లేసి చూపిచ్చింది, ఎండిపోయి ఉన్నది. "దూప నాది, పానం నాది, లెక్క నువ్వు రాసుడేంది? నేను నీ ఇంట్ల పేషెంట్‌నే ఐతినా, ఇగ మనిషిని కానా?" అన్నది. పందొమ్మిదేండ్ల సంసారంల ఆమె అంత మాట ఎన్నడు అనలే. నాకు జవాబు రాలే. రాత్రి ఇద్దరం తినలే. తెల్లారి ఆ నోట్‌బుక్ ఆమెకే ఇచ్చేసిన. ఆమె దాన్ని పక్కకు పెట్టి, జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకం ఉంటది గదా, అండ్ల ఎన్కనుంచి మొదలుపెట్టి తన బరువు, తాగిన నీళ్లు తనే రాసుకుంటుంది. టేపుతోటి కొలిచే చెయ్యి అది, నాకంటె సక్కగ రాస్తది. ఒక సీసల పొద్దుగాలనే దినం నీళ్లు పోసుకుంటది, అవ్వి అయిపోతే అయిపోయినట్టే. దూప బాగైతే చిన్న ఐసు ముక్క నోట్లె పెట్టుకుంటది, లేకుంటే పుక్కిలిచ్చి ఊస్తది. ఉప్పు తగ్గినంక దూప కూడ తగ్గిందన్నది. నేను కాపలా ఉన్నప్పుడు రెండు డయాలసిస్‌ల నడుమ మూడు కిలోలు పెరిగేది, ఇప్పుడు రెండు దాటుత లేదు. దీనికి నేనేమనాలె చెప్పు.

బరువు ఎందుకంత ముఖ్యమంటే, పెరిగిందంత నీళ్లే. ఒంట్లె నీళ్లు లేకుంటే ఉండాల్సిన బరువును డ్రై వెయిట్ అంటరు, ఆమెది 52. మూడు కిలోలు నాలుగు గంటల్ల గుంజితే బీపీ పడిపోతది, పిక్కలు పట్టేస్తయి, చూడలేం. మొదట్ల ఒకనాడు ఆమె మిషిన్ మీదనే కండ్లు తేలేసింది, టెక్నీషియన్ పిలగాడు ఉరికొచ్చి కాళ్ల దిక్కు బెడ్డు లేపి, గుంజుడు ఆపి, సెలైన్ ఎక్కిచ్చిండు, రెండు నిమిషాలల్ల తేరుకున్నది. ఆ పిలగాని వయసు మా పెద్దోని కంటె నాలుగేండ్లు ఎక్కువుంటదేమో.

సోమ, బుధ, శుక్రవారాలు మా వంతు. ఐదుంబావుకు ఊర్ల బస్సు, మహాలక్ష్మి వచ్చినకాడి నుంచి ఆమెకు టికెట్ లేదు, నా ఒక్కనికే. ఆరోగ్యశ్రీ మీద డయాలసిస్‌కు పైసల్ తీసుకోరు, లేకుంటే ఈపాటికి తోట పోయేదే. హైదరాబాద్ ఇరవై రోజులకు మాత్రం రెండు బర్లు పోయినయి, ఇంకో లక్షన్నర బాకీ ఉన్నది. డయాలసిస్ పేషెంట్లకు నెలకు 2016 రూపాయల పెన్షన్ ఉన్నది, కాగితాలు పెట్టినం. నువ్వు పైసల్ పంపుతనంటవని తెలుసు, ఇప్పుడొద్దు, పడితే నేనే అడుగుత, నిన్ను అడగనీకి నాకు సిగ్గేంది.

మెడ పైపు తీసేసిన్రు, ఇప్పుడు ఫిస్టులా మీదనే. ఎడమచెయ్యికి చేసిన్రు, కుడిచెయ్యి కత్తెర పట్టే చెయ్యి గదా. రెండు రక్తనాళాలను కలిపి కుడుతరు, అది ఉబ్బి గట్టిపడనీకి ఏడు వారాలు ఆగినం, అన్నొద్దులు రబ్బరు బంతి పిసికింది. ఆ చెయ్యికి బీపీ చూడొద్దు, రక్తం తియ్యొద్దు, బరువెత్తొద్దు, బిర్రుగ గాజులు ఏసుకోవద్దు. బోసి చెయ్యి చూసి మా అమ్మ ముఖం మాడ్చుకున్నది, నాలుగు దినాలకు తనే రెండు వదులు గాజులు తెచ్చి కుడిచెయ్యికి ఏసింది. ఫిస్టులా మీద చెయ్యి పెడితే లోపల గుంయ్‌మంటది బావా, మీ చెల్లె ఏమంటదంటే మోటరు పెట్టిన కుట్టుమిషిను లెక్క ఉన్నదంటది. అది ఆగిందంటే గడ్డకట్టినట్టు, వెంటనే దవాఖానకు ఉరకాలె. పొద్దుగాల ఆమె చూసుకుంటది. రాత్రిది నాకిచ్చింది. పండుకునే ముందు ఆమె చెయ్యి నా చేతుల పెడతది, నేను కండ్లు మూసుకొని వింటున్నట్టే పట్టుకుంట. ఒక్కోసారి అట్లనే నిద్రపోతం.

డయాలసిస్ నాడు ఇంటికొచ్చినంక ఆమెతోటి మాట్లాడొద్దు, అది కూడ ఆలస్యంగనే తెలిసింది నాకు. పిండేసిన బట్ట లెక్క ఉంటది, రెండు గంటలు పండుకోవాలె. తెల్లారి మాత్రం కుట్టుమిషిను ముంగట కూసుంటది, దినానికి రెండు జాకెట్లు, ఎక్కువ కుట్టదు. రక్తం పట్టనీకి ఇంజెక్షన్లు ఇస్తున్నరు, కిడ్నీ ఆ పని కూడ చేస్తదని నాకు తెల్వనే తెల్వదు, 6.8 ఉన్న హిమోగ్లోబిన్ 9.6 అయింది.

వరండాల మేమందరం ఒక ఇల్లు లెక్క అయినం. చండూరు నుంచి ఒక ఆటో పిలగాడు, నకిరేకల్ టీచరమ్మ భర్త, హాలియా దిక్కు ఒక ముసలాయన. ఎవరు ఉప్మా తెచ్చినా అందరం తింటం. పోయిన నెల ఆ హాలియా పెద్దాయన రాలే. బుధవారం రాలే, శుక్రవారం రాలే. సోమవారం ఆ బెడ్డు మీద కొత్త దుప్పటి ఏసి కొత్త మనిషి ఉన్నడు. మీ చెల్లె చూసింది, నేనూ చూసిన, బస్సుల ఇద్దరం కిటికీ దిక్కు చూసుకుంట వచ్చినం.

కిడ్నీ నేనిస్తనన్న. నాది బీ పాజిటివ్, ఆమెది ఓ, కలువది. మనలాంటి ఇంకో జంట దొరికితే వాళ్లది మాకు, మాది వాళ్లకు మార్చుకునేటట్టు కూడ చట్టం ఒప్పుకుంటదట, అడుగుతున్న. జీవన్‌దాన్‌ల పేరు రాపిచ్చినం, బ్రెయిన్‌డెడ్ అయినోళ్ల అవయవాలు వరుస ప్రకారం ఇస్తరు అండ్ల, ఎప్పుడొస్తదో ఎవ్వరు చెప్పలేరు. నీ తమ్మునిది ఓ గ్రూపే, ఇస్తనన్నడు, ఆయన భార్య ఒప్పుకోలే. ఆమెకు ఇద్దరు చిన్న పిల్లలు, భయముంటది, నాకు కోపం లేదు. మీ చెల్లె అయితే వాళ్ల ముంగట ఆ మాట మల్ల ఎత్తొద్దని నాతోటి ఒట్టు పెట్టిచ్చుకున్నది.

నువ్వు బీపీ గోలి మానేసినవని అక్క చెప్పింది. మగ్గాల కాడ నడుం నొప్పికి దినం ఒక గోలి మింగుతవని కూడ చెప్పింది. బావా, నా మీద ఒట్టు, ఈ వారంలనే క్రియాటినిన్, మూత్రం పరీక్ష చేపిచ్చి రిపోర్ట్ నాకు ఫోన్ల పెట్టు. నేను అడగకపోయేసరికి ఏమైందో చూసినవు గదా.

ఇంకొకటి. నువ్వు ఆమెతోటి మాట్లాడినప్పుడల్లా "ఎట్లున్నదమ్మా పానం" అని మొదలు పెడతవు. అందరు గదే అడుగుతరు, ఆమెకు చెప్పీ చెప్పీ ఇసుగు పుట్టింది. నువ్వు మంగళవారమో గురువారమో మధ్యాహ్నం చెయ్యి, అప్పుడు ఆమె పండుకొని ఉండదు. భివండిల ఏం చీరెలొస్తున్నయి, అక్కకు జాకెట్ ఎన్ని ఇంచులు పెరిగింది, మీ బిడ్డకు సంబంధాలు ఎంతదాంక వచ్చినయి, గవ్వి అడుగు. సద్దుల బతుకమ్మకు అక్కను తోలుకొని రా. లెక్క చూసిన, ఆనాడు డయాలసిస్ లేదు. తంగేడు పువ్వు నేను తెస్త, పేర్చుడు మీ చెల్లె పేరుస్తనన్నది, ఎత్తుకునేది మాత్రం అక్కనే, ఈమె చెయ్యి బరువు మొయ్యొద్దు గదా. వచ్చేటప్పుడు పండ్లేం తేకుండ్రి.

పదిన్నర అయింది, మిషిన్ ఆపే టైము. సూదులు తీసినంక ఆ చోట పది నిమిషాలు నేనే ఒత్తి పట్టుకుంట, పోవాలె.

నీ బావ